స్పానిష్ వ్యాకరణంలో ఖాళీల పరీక్ష పెట్టే ముందు జాగ్రత్తలు

ప్రశ్నపత్రం ఇచ్చే ముందు ప్రతి ఖాళీకి ఒకే సరైన జవాబు ఉందో లేదో మీరే పూరించి చూసుకోవాలి. 'లా మన్సానా ___ వెర్దే' అనే వాక్యంలో 'ఎస్' రాస్తే ఆపిల్ రంగు ఆకుపచ్చ అని, 'ఎస్తా' రాస్తే అది ఇంకా పచ్చికాయ అని అర్థం వస్తుంది కాబట్టి, సందర్భం తెలిపే మరో వాక్యం జోడించకుండా దేన్నీ తప్పుగా లెక్కించడం న్యాయం కాదు. భూతకాల క్రియారూపాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. నిన్న అనే అర్థమిచ్చే 'ఆయెర్' ఒక్కటే చేర్చితే చాలదు, ఎందుకంటే పని ముగిసిందని చెప్పే రూపమూ, అప్పట్లో కొనసాగుతూ ఉండేదని చెప్పే రూపమూ దాని పక్కన ఇముడుతాయి.

క్రియ మూలరూపాన్ని, వాక్యంలో కర్త కనిపించకపోతే కర్తను కూడా కుండలీకరణాల్లో ఇవ్వాలి. 'ఆబ్లో' అంటే నేను మాట్లాడతాను. చివరి అచ్చుపై ఒత్తి పలకాలని చూపే గుర్తు (ó) చేరితే అతడు మాట్లాడాడు అని మారిపోతుంది గనుక, ఆ గుర్తు లోపిస్తే మార్కులు తగ్గుతాయో లేదో ముందుగానే ప్రకటించాలి. స్పెయిన్‌లో చనువుగా 'మీరందరూ' అనడానికి వాడే 'వోసోత్రోస్' రూపాలను పాఠంలో నేర్పనప్పుడు పరీక్షలో అడగకూడదు.