మీ గ్రౌండ్‌లో యో-యో టెస్ట్ పెట్టడం ఎలా?

ఫుట్‌బాల్ అయినా హాకీ అయినా మైదానంలో ఎవరూ గంటసేపు ఒకే వేగంతో పరుగెత్తరు. ఉరకడం, ఆగడం, తిరగడం, కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ ఉరకడం. ఆ కాస్త సమయంలో ఒళ్లు ఎంత తేరుకుంటోందో చూడటానికే డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ బాంగ్స్‌బో 1990ల్లో యో-యో టెస్ట్ తయారుచేశారు. కాలేజీ గ్రౌండ్‌లో కూడా దీన్ని చక్కగా పెట్టుకోవచ్చు.

ముందు నేల కొలవండి. సరిగ్గా 20 మీటర్ల దూరంలో రెండు కోన్లు, మొదలుపెట్టే కోన్‌కు 5 మీటర్లు వెనక మరొకటి. దయచేసి అడుగులతో కొలవకండి, టేపు వాడండి. ఒక్క మీటరు తగ్గినా 28 షటిళ్లు (ఒక షటిల్ అంటే అవతలి కోన్ దాకా వెళ్లి తిరిగి రావడం) పూర్తయ్యేసరికి 56 మీటర్లు తేడా వస్తుంది. అంటే పరిగెత్తని దూరం లెక్కలో చేరినట్టే.

తర్వాత ఆడియో, అంటే ఎప్పుడు పరుగెత్తాలో చెప్పే బీప్‌ల రికార్డింగ్. ఇందులో రెండు లెవెళ్లున్నాయి. మామూలు ఆటగాళ్లకు గంటకు 10 కిలోమీటర్లతో మొదలయ్యే మొదటిది సరిపోతుంది. రెండోది 13తో మొదలవుతుంది, అది బాగా రాటుదేలినవాళ్లకే. స్టాప్‌వాచ్‌తో ఒకసారి సరిచూసుకోండి: మొదటి లెవెల్లో తొలి 20 మీటర్లకు 7.2 సెకన్లు ఉండాలి.

పది నిమిషాలు వార్మప్ అయ్యాక మొదలుపెట్టండి. బీప్‌కి బయలుదేరి, రెండో బీప్‌కల్లా అవతలి గీత తొక్కి, మూడో బీప్‌కల్లా వెనక్కి రావాలి. ఆ వెంటనే 10 సెకన్లలో వెనక కోన్ దాకా నడిచి వచ్చి మళ్లీ సిద్ధంగా నిలబడాలి. వేగం క్రమంగా పెరుగుతుంది. మొదటిసారి ఆలస్యమైతే హెచ్చరిక, రెండోసారికి ఆపేయాలి. జ్వరం నుంచి ఇప్పుడిప్పుడే కోలుకున్నవాళ్లని, ఆస్తమా లేదా గుండె ఇబ్బంది ఉన్నవాళ్లని డాక్టర్ చెప్పకుండా పరుగెత్తించకండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే అక్కడికక్కడే ఆపాలి.

ప్రతి షటిల్ 40 మీటర్లు. 2017లో భారత క్రికెట్ జట్టు పాస్ మార్కుగా పెట్టుకున్న 16.1 (16వ వేగం మెట్టులో మొదటి షటిల్) అంటే మొత్తం 28 షటిళ్లు, 1120 మీటర్లు. మొత్తం దూరాన్ని 0.0084తో గుణించి 36.4 కలిపితే శరీరం ఆక్సిజన్‌ను ఎంత గరిష్ఠంగా వాడుకోగలదో అంచనా వస్తుంది. 1120కి అది కిలో బరువుకు నిమిషానికి దాదాపు 45.8 మిల్లీలీటర్లు. ఇది అంచనా మాత్రమే, ల్యాబ్ పరీక్ష కాదు.

ఈ అంకెతో ఆటగాడి విలువ కట్టకండి. 2018 ఐపీఎల్‌లో 602 పరుగులు చేసిన అంబటి రాయుడు అదే ఏడాది ఈ టెస్ట్‌లో తప్పి ఇంగ్లండ్ పర్యటనకు దూరమయ్యాడు, తర్వాత పాసై ఆసియా కప్ ఆడాడు. బ్యాట్ పట్టడం వేరు, దమ్ము వేరు.

ఒక్కొక్కరి అంకె నోట్‌బుక్‌లో రాసి, వాళ్ల పాత అంకెతోనే పోల్చండి. ఆరేడు వారాల తర్వాత అదే గ్రౌండ్‌లో, అదే పూట, అవే బూట్లతో మళ్లీ పెట్టండి. వాన పడి నేల జారుతుంటే రెండు రోజులు ఆగండి.