గీత తప్పుతోందా? మూలమట్టం, గేజ్, గీత కత్తి: సమస్య - పరిష్కారం

తలుపు చట్రం బిగించాక మూలలో సందు కనిపిస్తే అందరూ ముందు రంపాన్ని తిడతారు. రంపం గీత వెంటే పోయి ఉంటే తప్పు దానిది కాదు. ముందు మూలమట్టం, అంటే లంబకోణం సరిచూసే L ఆకారపు పనిముట్టు, చూడండి.

సమస్య: చెక్క చుట్టూ నాలుగు వైపులా గీసిన గీత మొదలైన చోటికి వచ్చి కలవడం లేదు.

చెక్క సరిగ్గా చిత్రిక పట్టి ఉంటే, తేడా మూలమట్టంలోనే ఉంది. కింద పడితే చాలు, కోణం చెడుతుంది. పరీక్షకు అంచు తిన్నగా ఉన్న ప్లైవుడ్ ముక్క కావాలి. మూలమట్టం పిడి (మందపు భాగం) ఎడమవైపు ఉండేలా ముక్క అంచుకు ఆనించి, రేకు (పలుచటి భాగం) బయటి అంచు వెంట సన్నటి గీత గీయండి. తర్వాత మూలమట్టాన్ని తిరగేసి అదే బిందువు నుంచి ఇంకో గీత గీయండి. రెండూ ఒకటైతే మంచిదే. విడిపోతే, కొస దగ్గర కనిపించే ఎడంలో సగమే అసలు తప్పు. మొదటి గీత పిడి ఉన్న ఎడమవైపుకే వాలితే కోణం మూసుకుంది (90 డిగ్రీల కన్నా తక్కువ), కుడికి వాలితే తెరుచుకుంది.

ఒకే ఉక్కు ముక్కతో చేసిన మూలమట్టానికి సెంటర్ పంచ్ (లోహం మీద చిన్న గుంట కొట్టే మొన పనిముట్టు) చాలు. లోపలి మూల దగ్గర ఒక దెబ్బ వేస్తే అక్కడ లోహం వ్యాపించి కోణం తెరుచుకుంటుంది, బయటి మూల దగ్గర వేస్తే మూసుకుంటుంది. మెల్లగా కొట్టి, ప్రతి దెబ్బకూ మళ్లీ గీసి చూడాలి. పిడికి రేకు రివెట్లతో బిగించిన రకమైతే ముందు రివెట్లు వదులయ్యాయేమో చూడండి. అవి గట్టిగానే ఉంటే సన్నటి ఆకురాయితో బయటి అంచు రాయాలి. గీత పిడి వైపు వాలితే పిడి దగ్గర, అవతలికి వాలితే కొస దగ్గర ఎక్కువ రాయాలి. లోపలి అంచును ఆ తర్వాత దానికి సమాంతరంగా సరిచేసుకోవచ్చు. చవక మూలమట్టానికి ఇంత శ్రమ ఎందుకంటారా? కొత్తగా కొన్నదీ ఈ పరీక్షలో తప్పవచ్చు.

సమస్య: మార్కింగ్ గేజ్ (అంచుకు సమాంతరంగా గీత గీసే పనిముట్టు) అడ్డపొరకు చెక్కను చీరేస్తోంది, నిలువు పొరలో పక్కకు పోతోంది.

చాలా గేజ్‌లకు గుండ్రటి మేకు మొన, అదీ అవసరానికి మించి పొడవు. అది కోయదు, గీకుతుంది. మొనను ఆకురాయితో రెండు పక్కలా రాసి చిన్న కత్తిలా చేయండి. ఒక పక్క ఏటవాలుగా, ఇంకో పక్క చదునుగా ఉంచి, ఏటవాలును దిమ్మ (చెక్క అంచుకు ఆనే భాగం) వైపుకు పెడితే గీస్తున్నప్పుడు దిమ్మ చెక్క అంచుకు అతుక్కునే ఉంటుంది. మొన ఒక మిల్లీమీటరు పొడుచుకొస్తే చాలు. మొదటి గీత తేలిగ్గా వేసి రెండోసారి నొక్కండి. పొర లాగేసేది మొదటి గీతనే.

వానాకాలంలో మొన ఉండే కాడ ఉబ్బి దిమ్మలో ఇరుక్కుంటే కొవ్వొత్తి రుద్దండి. నూనె వద్దు, కర్ర పీల్చుకుంటుంది. మర బిగించినచోట కాడ గుంట పడి కొలత జారుతుంటే, మరకూ కాడకూ మధ్య పలుచటి ఇత్తడి రేకు పెట్టండి.

సమస్య: గీత కత్తి మూలమట్టాన్ని వదిలి దూరంగా గీస్తోంది.

రెండు వైపులా సాన పట్టిన కత్తితో వచ్చే చిక్కు ఇది. ఒక వైపే ఏటవాలు ఉండాలి, చదును వైపు రేకుకు ఆనాలి. పాత హాక్సా బ్లేడు ముక్కతో మంచి కత్తి చేసుకోవచ్చు. గ్రైండర్ మీద పెట్టినప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచండి. మామూలు కార్బన్ స్టీలు నీలం రంగుకు తిరిగితే పదును నిలవదు.

మిగతావి చిన్న చిక్కులు. బెవెల్ (కావలసిన కోణానికి తిప్పి బిగించుకునే కీలు మట్టం) కోణం జారుతుంటే కీలు విప్పి జిడ్డు తుడవండి, అక్కడ నూనె వేయకూడదు. రంగు దారం (రంగు పొడి పూసి గీత కొట్టే దారం) మందంగా గీస్తే పొడి తడిసిందన్నమాట, ఎండబెట్టండి. దారాన్ని నిటారుగా పైకి లాగి వదలాలి, పక్కకు లాగితే గీత వంగుతుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఉక్కు రేకులు తొందరగా తుప్పు పడతాయి. మెత్తటి ఉక్కు పీచుకు కాస్త మెషిన్ ఆయిల్ రాసి రుద్దండి. గరుకు ఎమరీ కాగితం వాడితే తుప్పుతోపాటు స్కేలు అంకెలూ పోతాయి. అంకెలు మసకబారితే నల్ల పెయింటు పూసి, ఆరకముందే గుడ్డతో పైపైన తుడవండి. రంగు గాట్లలోనే నిలుస్తుంది.