ఊబకాయం ఉన్నవాళ్లు ఆయాసం తగ్గించుకుని ఏరోబిక్ ఫిట్‌నెస్ పెంచుకోవడం ఎలా?

నడక మొదలుపెట్టి రెండు నెలలు తిరక్కుండానే మానేసేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: "ఇంత చేసినా కిలో కూడా తగ్గలేదు." ఆ రెండు నెలల్లో గుండెకూ కండరాలకూ ఎంత మేలు జరిగిందో తూకం యంత్రం చూపించలేదు. అందుకే ఈ వ్యాసంలో బరువు లెక్క పక్కన పెట్టి ఆయాసం లెక్క చూద్దాం. అమెరికాలోని డల్లాస్‌లో ఉన్న కూపర్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వేలాది మంది పురుషులను ఏళ్ల తరబడి పరిశీలించింది. సన్నగా ఉండి ఫిట్‌నెస్ లేనివాళ్లలో కంటే, ఊబకాయం ఉన్నా ఫిట్‌నెస్ బాగున్నవాళ్లలో మరణాలు తక్కువని తేలింది.

ముందు అంకె అర్థం చేసుకోండి

ఒళ్లు వంచి కష్టపడేటప్పుడు శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో అదే ఏరోబిక్ ఫిట్‌నెస్‌కు కొలత. దాన్ని వీఓటూ మ్యాక్స్ అంటారు. మామూలుగా దాన్ని బరువుతో భాగించి చెబుతారు, తిరకాసంతా అక్కడే ఉంది. 100 కిలోల మనిషి నిమిషానికి 2.5 లీటర్లు వాడుకుంటే కిలోకు 25 మిల్లీలీటర్లు. సరిగ్గా అంతే వాడుకునే 70 కిలోల మనిషికి దాదాపు 36 వస్తుంది. అంటే అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన గుండె బలహీనమని కాదు, అది మోస్తున్న బరువు ఎక్కువ.

ఇప్పుడు ఆ 100 కిలోల మనిషి వ్యాయామంతో 2.5ను 2.9 చేసుకున్నాడనుకుందాం. బరువు గ్రాము తగ్గకపోయినా కొలత 29కి చేరుతుంది. వ్యాయామం చేయకుండా తిండి తగ్గించి 10 కిలోలు తగ్గితే దాదాపు 28 అవుతుంది, కానీ గుండె సత్తా ఉన్నచోటే ఉంటుంది. రెండూ కలిస్తే 32 దాటుతుంది.

పెరుగుదల అందరికీ ఒకేలా ఉండదు. అమెరికా, కెనడాల్లో జరిగిన హెరిటేజ్ ఫ్యామిలీ స్టడీలో వ్యాయామం అలవాటు లేనివాళ్లతో 20 వారాలు సైకిల్ తొక్కించారు. వాళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ నిమిషానికి సగటున 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు, కొందరికి లీటరు పెరిగింది. కాబట్టి పక్కవాళ్లతో పోల్చుకోకండి.

1. డాక్టర్‌తో మాట్లాడండి

గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉంటే ఇది తప్పనిసరి. ఇన్సులిన్ వాడేవాళ్లకు వ్యాయామంతో షుగర్ బాగా పడిపోవచ్చు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆపేయాలి.

2. మొదటి కొలత రాసిపెట్టుకోండి

చదునైన దారిలో 6 నిమిషాలు మీకు వీలైనంత వేగంగా నడిచి, ఎంత దూరం వెళ్లారో చూసుకోండి. ఆగిన వెంటనే నాడి పట్టండి. బొటనవేలి కింది వైపు, మణికట్టు మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడే మీకు తగులుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. పూర్తి నిమిషం లెక్కపెడితే ఈలోపు నాడి నెమ్మదించి లెక్క తప్పుతుంది. పొద్దున మంచం దిగకముందు నాడి కూడా రాసుకోండి.

3. నిమిషాలు పెంచండి, వేగం తర్వాత

రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. సరైన వేగానికి అదే గుర్తు. నాడితో చూసుకోవాలంటే 220 నుంచి వయసు తీసేయండి, అది నిమిషానికి మీ గరిష్ఠ నాడి. 40 ఏళ్లకు 180. పొద్దుటి నాడి 80 అయితే తేడా 100. అందులో 40 నుంచి 60 శాతం తీసుకుని 80కి కలిపితే 120–140. ఇది అంచనా మాత్రమే. బీపీకీ గుండె జబ్బులకూ ఇచ్చే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు నాడి అంత పెరగదు, వాళ్లు మాట పరీక్షనే నమ్ముకోవాలి.

ఎవరైనా "ఇంత మెల్లగా నడిస్తే ఏం లాభం?" అంటే పట్టించుకోకండి. ఎక్కువ బరువు మోస్తూ నడిచే శరీరానికి అదే వేగానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. మీ నెమ్మది నడక మీ గుండెకు నిజమైన వ్యాయామమే. మోకాళ్లు నొప్పిగా ఉంటే కదలని సైకిల్, నీళ్లలో నడక మంచివి. తొడలు ఒరుసుకుని చర్మం మండటం వల్ల మానేసేవాళ్లూ ఉన్నారు, సిగ్గుపడి చెప్పరు. మోకాళ్ల దాకా బిగుతుగా ఉండే షార్ట్స్ వేసుకుని, ఒరుసుకునే చోట పెట్రోలియం జెల్లీ రాస్తే ఆ బాధ తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150–300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. అక్కడికి చేరడానికి నెలలు పట్టినా ఫరవాలేదు.

4. మధ్యమధ్యలో వేగం కలపండి

ఆరేడు వారాలు నిలకడగా నడిచాక, వారానికి ఒకటి రెండు రోజులు 1 నిమిషం వేగంగా, 2 నిమిషాలు నెమ్మదిగా నడవండి. అలవాటయ్యాక వేగం నిమిషాలు పెంచుకోవచ్చు. నార్వే పరిశోధకులు ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో 4 నిమిషాల చొప్పున 4 సార్లు గట్టిగా, మధ్యలో 3 నిమిషాలు తేలిగ్గా చేస్తారు. అది కష్టమైనది, డాక్టర్ సరేనన్నాకే. తక్కువ సమయంలో ఫలితం ఇస్తుంది కానీ, నెమ్మది నడకతో కూడా ఫిట్‌నెస్ పెరుగుతుంది. మీరు మానకుండా చేయగలిగేదే ఎంచుకోండి.

వారానికి 2 రోజులు కండరాల వ్యాయామం కూడా ఉండాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం మొదట్లో సరిపోతాయి.

5. నెలకోసారి కొలవండి

మొదటి వారాల్లో రక్తంలోని ద్రవభాగం పెరిగి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది. ఆ తర్వాత కండరాల్లో సన్నని రక్తనాళాలు, ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. అదే దారిలో 6 నిమిషాల్లో ఎక్కువ దూరం వెళ్లడం, పాత వేగానికి నాడి తగ్గడం, పొద్దుటి నాడి దిగడం వీటికి గుర్తులు.

జ్వరం వల్లో ప్రయాణం వల్లో రెండు మూడు వారాలు ఆగిపోతే కొంత ఫిట్‌నెస్ జారిపోతుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆపిన రోజు చేసిన నిమిషాల్లో సగంతో మొదలుపెట్టి, వారం గడిచాక పెంచండి.