"ఉండదనుకుంటా" అని మాత్రం చెప్పకండి

హోటల్లో అలర్జీ ఉన్న కస్టమర్ "ఇందులో వేరుశనగ ఉందా?" అని అడిగితే "ఉండదనుకుంటానండీ" అనే మాట నోట రానివ్వకండి. వంటగదిలో కనుక్కుని వచ్చి చెప్పండి. ఏ వంటకంలో పాలు, గుడ్డు, గోధుమ, సోయా, నువ్వులు, జీడిపప్పు, చేపలు, రొయ్యలు లాంటివి పడతాయో రాసిన కాగితం కౌంటర్ దగ్గరే ఉండాలి. సాస్ ప్యాకెట్ కంపెనీ మారిన రోజే ఆ కాగితమూ మార్చాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

రొయ్యలు వేయించిన నూనెలోనే బంగాళదుంపలు వేయిస్తే అదీ చెప్పాలి. నూనె ఎంత కాగినా అలర్జీ ముప్పు పోదు. గరిటె తుడిస్తే చాలదు, సబ్బుతో కడగాలి. చేతులకూ అంతే, శానిటైజర్ సరిపోదు. పొరపాటున జీడిపప్పు పడితే ఏరేసి అదే ప్లేటు మళ్లీ పంపకండి, దయచేసి కొత్తగా వండి ఇవ్వండి.