పాత సత్రాన్ని సంఘం తీసుకునే ముందు

చిత్తూరులో మున్సిపల్ కార్పొరేషన్ కింద ఉన్న పాత సత్రాన్నో, లైబ్రరీ బిల్డింగ్‌నో మీ సంఘం తీసుకోబోతోందా? తాళాలు అందుకునే ఫొటో తర్వాత దిగొచ్చు, ముందు ఇవి చూడండి.

– స్థలం అసలు ఎవరిది? ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే పత్రం) ఒక్కటే చాలదు. ఆర్‌ఎస్‌ఆర్ (భూమి ఎవరిదో రాసి ఉండే పాత రీసెటిల్మెంట్ రిజిస్టర్) నకలు తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల చిట్టాలో) ఉందేమో చూడండి. సత్రమైతే దాత రాసిన దానపత్రం వెతకండి. దేవాదాయ శాఖ ఆస్తి అని తేలితే కార్పొరేషన్ ఇస్తానన్నా చెల్లదు.

– ఇచ్చేది హక్కా, లీజా? లీజైతే రిజిస్టర్ చేయించాల్సిందే.

– దస్తావేజు 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం పేరు మీదే ఉండాలి. ప్రెసిడెంటు పేరు మీద వద్దు, ఆయన ఎంత మంచివాడైనా సరే. రేపు వారసులొస్తారు.

– ఇక బిల్డింగ్. డబ్బు పోయేది ఇక్కడే. మద్రాస్ టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాతకాలపు) కప్పయితే నిచ్చెన వేసి, టేకు దూలం గోడలోకి దిగేచోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. పైకి నున్నగానే ఉంటుంది; మెత్తగా దిగబడిందంటే లోపల చెదలో, చెమ్మో. వాన పడ్డ మర్నాడు చూస్తే ఇంకా మేలు. సున్నపు గోడకు సిమెంట్ పూత వేద్దామనే మేస్త్రీకి పని ఇవ్వొద్దు. చెమ్మ బయటికి పోలేక ఇటుక పొడై రాలుతుంది.

– చంద్రగిరి కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడం నిషేధం. ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి.

– కరెంటు బాకీ, నీటి పన్ను, ముందు వరండాలో అద్దెకున్న షాపులు: ఎవరు తీర్చాలో, ఎవరు ఖాళీ చేయించాలో ఒప్పందంలో రాయించుకోండి.