రోజువారీ పనుల మధ్య దేవునికి దగ్గరగా ఉండాలంటే

పొద్దున్న లేవగానే ఫోన్ పట్టుకోకండి, ముందు బైబిల్ తెరవండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే, రోజుకొకటి చాలు. చదివిన దాంట్లో ఒక్క వచనం మనసులో పెట్టుకుని బస్సులోనో వంట చేస్తూనో దాని గురించే ప్రభువుతో మాట్లాడండి. ప్రార్థనకి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. టెన్షన్ ఉంటే టెన్షన్‌గా ఉందనే చెప్పండి, కోపం వస్తే అదీ చెప్పండి. 13వ కీర్తనలో దావీదు ఇంకెన్నాళ్లు నన్ను మరచిపోతావని దేవుణ్ణే అడిగాడు కదా, మనం మాత్రం ఎందుకు దాచుకోవాలి? దానియేలు అంత పెద్ద అధికారి అయినా రోజుకు మూడుసార్లు మోకరించేవాడు, కాబట్టి టైమ్ లేదనకుండా మధ్యాహ్నం భోజనానికి ముందు రెండు నిమిషాలైనా ఆగండి. ఆదివారం ఆరాధన మానొద్దు. ఎవరితోనైనా గొడవ ఉంటే మాత్రం ముందు వెళ్లి సమాధానపడండి, మత్తయి 5వ అధ్యాయంలో యేసు చెప్పింది అదే.