కెటిల్ ఆగట్లేదా? ముందు మూత, తర్వాత అడుగు చూడండి

నీళ్లు మరగగానే కెటిల్ స్విచ్ టక్కున పడేది ఆవిరి వల్ల. ఆవిరి లోపలున్న చిన్న రంధ్రం గుండా స్విచ్ దాకా వెళ్తుంది. అక్కడ రెండు లోహాలు అతికించిన రేకు ఒకటి వేడికి వంగి కరెంటు ఆపేస్తుంది. మూత సరిగా పడకపోతే ఆవిరంతా పైకే పోతుంది, నీళ్లు కాగుతూనే ఉంటాయి. కెటిల్ పాడైందని రిపేరు షాపుకు మోసుకెళ్లే ముందు ఒకసారి మూత నొక్కి చూడండి.

కెటిల్ మీదుండే నీటిమట్టం గీతల్లో కింది గీత కన్నా తక్కువ నీళ్లు పోస్తే అడుగు మాడుతుంది. పై గీత దాటితే మరిగే నీళ్లు ముక్కులోంచి చిమ్ముతాయి. పొరపాటున ఖాళీ కెటిల్ ఆన్ చేస్తే ప్లగ్ తీసి, పావుగంట చల్లారాకే నీళ్లు పోయండి.

1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టే మేలు. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు, అదే బోర్డుకు ఇస్త్రీపెట్టె కూడా అంటే ప్లగ్గు కరగడం ఖాయం. లీటరు నీళ్లకు సుమారు 4 నిమిషాలు, 0.1 యూనిట్ కరెంటు పడుతుంది. వోల్టేజీ 180కి పడిపోతే అదే కెటిల్ 900 వాట్ల చిల్లరే ఇస్తుంది. ఆలస్యానికి కెటిల్‌ను తిట్టి లాభం లేదు.

అసలు శత్రువు బోరు నీళ్లు. వాటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు మరిగినప్పుడు కార్బొనేటుగా మారి అడుగున తెల్లగా గార కడుతుంది. గార మందమయ్యేకొద్దీ వేడి నీళ్లలోకి దిగదు. అడుగున వేడెక్కే ప్లేటు మాత్రం కాగిపోయి, నీళ్లు మరగకముందే అతివేడి నుంచి కాపాడే రక్షణ స్విచ్ పడుతుంది. మొదట చప్పుడు పెరుగుతుంది, తర్వాత తెల్లటి పొట్టు గ్లాసులోకి వస్తుంది. ఆ పొట్టు ప్రమాదకరం కాదు, చూడ్డానికే బాగోదు. అన్నట్టు, మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నీళ్లలోని ఫ్లోరైడు పోదు. నల్గొండ వైపు బోరు నీళ్లు వాడేవాళ్లు ఈ సంగతి మరవొద్దు.

గార వదిలించడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. ముప్పాతిక లీటరు నీళ్లు మరిగించి ప్లగ్ తీసేయండి. నురగ పైకి పొంగకుండా రెండు చెంచాల నిమ్మ ఉప్పు కొంచెం కొంచెంగా వేసి అరగంట వదిలేయండి. పారబోసి, మంచినీళ్లు ఒకసారి మరిగించి అవీ పారబోయండి. ఇనుము ఎక్కువున్న నీళ్లతో వచ్చే తుప్పురంగు మచ్చలూ దీంతోనే చాలావరకు పోతాయి. బోరు నీళ్లయితే నెలకోసారి, ఆర్‌ఓ నీళ్లయితే మూడు నెలలకోసారి సరిపోతుంది. ముక్కు దగ్గరి జాలీని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. స్టీలు పీచు మాత్రం వద్దు. గీతలు పడిన చోటే గార త్వరగా పట్టుకుంటుంది.

పాలు, టీపొడి, నూడుల్స్ ఇందులో వేయకండి. పాలు అడుగంటుతాయి, పొంగి ఆవిరి రంధ్రంలోకి దూరి స్విచ్‌ను జిగటగా చేస్తాయి. చాయ్‌కి నీళ్లు మాత్రం ఇందులో కాచుకుని గిన్నెలోకి వంపుకోండి.

కెటిల్‌ను సింకులో ముంచి కడగొద్దు, బయట తడిగుడ్డతో తుడిస్తే చాలు. అడుగున ఉండే కనెక్టరు, దాని కింది స్టాండు పొడిగా ఉండాలి. కనెక్టరు నల్లబడినా, మాడిన వాసన వచ్చినా, ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు జిల్లుమన్నా వెంటనే వాడకం ఆపండి. స్టాండు విడిగా దొరికితే మార్చుకోవచ్చు. కెటిల్ అడుగునుంచి నీళ్లు కారుతుంటే మాత్రం ఎంసీల్ పెట్టి నెట్టుకురావొద్దు, కొత్తది కొనుక్కోండి.